రోజువారీ బీరు: టెక్సస్ లోకల్ బ్రూవరీల్లో ఏవి ఎంచుకోవాలి?

ఫ్రిస్కో_బావ

ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండేలా రెండు మూడు బీర్లు ఖాయం చేసుకుందామని ఈ టాపిక్ మొదలుపెడుతున్నా. ఏడాదికోసారి వచ్చే స్పెషల్ సీసాలు, క్యూలో నిలబడి కొనే హేజీలు (మబ్బుగా ఉండే ఐపీఏలు) వద్దు. పని అయ్యాక ఒకటి, ఆదివారం మటన్ కూరతో ఒకటి, అంతే. కావాల్సినవి ఇవీ: ఆల్కహాల్ 5 శాతానికి అటూ ఇటూ, క్యాన్, టెక్సస్‌లోనే తయారైనది, కంపెనీ కూడా ఇంకా ఇక్కడివాళ్ల చేతిలోనే ఉన్నది, డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, మకినీ వైపు హెచ్‌ఈబీ సూపర్‌మార్కెట్‌లోనో టోటల్ వైన్ షాపులోనో మామూలుగా దొరికేది.

షెల్ఫ్‌లో సగం డబ్బాల మీద టెక్సస్ మ్యాపో, ఎద్దు కొమ్ములో ఉంటాయి. వాటిలో నిజంగా లోకల్ ఏవో, లోకల్ వేషం వేసుకున్నవి ఏవో ఎలా తెలుస్తుంది? పేర్లతో పాటు ఎందుకో కూడా చెప్పండి.

మాల్ట్_మాస్టారు

ముందు యాజమాన్యం సంగతి. అమెరికాలో బ్రూవర్స్ అసోసియేషన్ లెక్కలో చిన్న స్వతంత్ర బ్రూవరీ (వాళ్ల మాటలో క్రాఫ్ట్ బ్రూవర్) అనిపించుకోవాలంటే ఉత్పత్తి ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లు మించకూడదు. క్రాఫ్ట్ బ్రూవర్ కాని మద్యం కంపెనీ వాటా అందులో 25 శాతం కంటే తక్కువే ఉండాలి. 60 లక్షల బ్యారెళ్లంటే దాదాపు 70 కోట్ల లీటర్లు. కాబట్టి "చిన్న" అన్న మాట మనకు పెద్దగా ఉపయోగపడదు. తేడా తేల్చేది వాటా షరతే. 2017 నుంచి వీళ్లు ఒక ముద్ర ఇస్తున్నారు, తలకిందులుగా ఉన్న సీసా బొమ్మ. అది ఉంటే ఇక వెతకక్కర్లేదు. లేనంత మాత్రాన అనుమానించనూ అక్కర్లేదు, చాలా చిన్న బ్రూవరీలు దాన్ని డబ్బా మీద వేయించుకోవు.

మన దగ్గర జనం ఎక్కువగా పొరబడేవి ఇవి. హ్యూస్టన్ కార్బాక్‌ని 2016లో బడ్‌వైజర్ కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ కొనేసింది. గ్రాన్‌బరీలోని రివాల్వర్ అదే ఏడాది మిల్లర్‌కూర్స్ చేతికి వెళ్లి, 2024లో టిల్‌రేకి మారింది. డాలస్ డీప్ ఎల్లమ్ 2018లో క్యానార్కీ గుంపులో కలిసింది, ఆ గుంపు మొత్తాన్నీ 2022లో ఎనర్జీ డ్రింకుల మాన్‌స్టర్ కొన్నది. లోన్ స్టార్ బ్రాండు ప్యాబ్‌స్ట్‌ది. షైనర్‌ని మాత్రం వీటితో కలపొద్దు. 1909లో షైనర్ అనే చిన్న ఊళ్లో మొదలైన స్పోట్‌జల్ బ్రూవరీ అది, ఇప్పటికీ అక్కడే తయారవుతుంది. 1989 నుంచి శాన్ ఆంటోనియోకి చెందిన గ్యాంబ్రినస్ దాని యజమాని.

ఇవి మారుతూ ఉంటాయి. కొత్త పేరు ఏదైనా ఇంటికి తెచ్చుకునే ముందు ఫోన్‌లో ఒక నిమిషం చూసుకోండి.

కొలరాడో_నది

మాస్టారు చెప్పింది సరే గానీ, షెల్ఫ్ దగ్గర నేను మొదట చూసేది డబ్బా అడుగు. తారీఖు. స్వతంత్ర బ్రూవరీ బీరు నాలుగు నెలలు వేడి గోదాములో ఉంటే, పోయిన వారం నింపిన పెద్ద కంపెనీ బీరు దానికంటే బాగుంటుంది. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

బ్రూవరీ వాళ్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: 3, 30, 300. బీరు 32 డిగ్రీల సెల్సియస్‌లో 3 రోజులు ఉన్నా, 22 డిగ్రీల్లో 30 రోజులు ఉన్నా, 3 డిగ్రీల్లో 300 రోజులు ఉన్నా జరిగే నష్టం దాదాపు ఒకటే. జూలైలో డాలస్‌లో కారు డిక్కీ 32 దగ్గర ఆగదు. మధ్యాహ్నం కొని, మాల్ తిరిగి, సాయంత్రం ఇంటికి తెస్తే నెల రోజుల ఆయుష్షు అక్కడే పోతుంది. కూలర్ బ్యాగ్ డిక్కీలో పడేసి ఉంచండి, బీరు కొనడం ఆఖరి పనిగా పెట్టుకోండి.

తారీఖుల్లో రెండు రకాలుంటాయి. "ప్యాకేజ్డ్ ఆన్" అంటే నింపిన రోజు, "బెస్ట్ బై" అంటే గడువు. రెండోది ఒక్కటే ఉంటే నింపి ఎన్నాళ్లయిందో తెలియదు. కొందరు 90 రోజులు పెడతారు, కొందరు 180. నింపిన తారీఖు ఉన్నదానికే మొగ్గు చూపండి. పిల్స్‌నర్, కోల్ష్, బ్లాండ్ లాంటి తేలిక రకాలైతే మూడు నెలల లోపు. ఐపీఏ, అంటే చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వులు ఎక్కువ వేసిన బీరు, రెండు నెలల లోపు, హేజీ అయితే నెలన్నర దాటనివ్వొద్దు. పోర్టర్, స్టౌట్ లాంటి నల్లటి బీర్లు ఆరు నెలలు ఆగుతాయి.

ఇంకోటి, బయట అట్టపెట్టెల దొంతరలో ఉన్నది కాకుండా కూలర్‌లో ఉన్నదే తీసుకోండి. దొంతర అందంగా పేరుస్తారు గానీ అది ఎన్నాళ్ల నుంచి అక్కడుందో ఎవరూ చెప్పలేరు.

బేయూ_సుధ

పేర్లు నేను చెప్తాను.

సెయింట్ ఆర్నాల్డ్ ఫ్యాన్సీ లాన్‌మోవర్, 4.9 శాతం. హ్యూస్టన్‌లో 1994లో మొదలైన బ్రూవరీ, టెక్సస్ క్రాఫ్ట్ బ్రూవరీల్లో అన్నిటికంటే పాతది. ఇది కోల్ష్ పద్ధతి. బీర్లలో వెచ్చగా, త్వరగా పులిసేది ఏల్, చల్లగా, నెమ్మదిగా పులిసేది లాగర్. ఈస్ట్ ఏల్‌దే, కానీ మామూలు ఏల్ కంటే చల్లగా పులియబెట్టి తర్వాత లాగర్‌లా చలిలో నిలవ ఉంచుతారు. అందుకే లాగర్‌లా తేటగా దిగుతుంది, వెనకాల సన్నగా పండు వాసన తగులుతుంది. హ్యూస్టన్ ఉక్కపోతకు దీన్ని మించింది నాకు తెలియదు.

లైవ్ ఓక్ పిల్జ్, 4.7 శాతం. ఆస్టిన్, 1997. చెక్ పద్ధతి, సాజ్ హాప్స్. వీళ్లు డికాక్షన్ చేస్తారు, అంటే నానిన మాల్ట్‌లో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కొంత భాగం బయటికి తీసి, విడిగా మరిగించి, మళ్లీ అసలు గంగాళంలో కలుపుతారు. దాంతో మొత్తం వేడి ఒక మెట్టు పెరుగుతుంది, మరిగిన భాగం నుంచి రొట్టె పైపొర లాంటి రుచి వస్తుంది. గంటలు గంటలు పట్టే పని, ఇంధనం ఖర్చు, అదనపు పాత్ర. పెద్ద కంపెనీలు చాలావరకు దీని జోలికి పోవు. 4.7 శాతంలో అంత నిండుదనం రావడానికి సగం కారణం ఇదే.

రియల్ ఏల్ ఫైర్‌మన్స్ 4, 5.1 శాతం. బ్లాంకో ఊరు, 1996. బ్లాండ్ ఏల్, చేదు తక్కువ. బీరు అలవాటు లేని చుట్టాలు వస్తే ఇది పోయండి. అదే బ్రూవరీ హాన్స్ పిల్స్ 5.3 శాతం, దానిలో హాప్ చేదు గట్టిగానే ఉంటుంది.

ఆస్టిన్ బీర్‌వర్క్స్ పెర్ల్ స్నాప్, 5.3 శాతం. జర్మన్ పిల్స్, పొడిగా ముగుస్తుంది.

గుంటూరు_ఘాటు

సుధ గారూ, జాబితా బాగుంది కానీ తిండి మర్చిపోయారు. బావ మటన్ కూర అన్నాడు కదా. హాన్స్ పిల్స్, పెర్ల్ స్నాప్ రెండూ మన కారంతో కొట్టుకుంటాయి.

మిరప ఘాటు నీళ్లలో కరగదు. నూనెలో, కొవ్వులో, గాఢమైన ఆల్కహాల్‌లో కరుగుతుంది. బీరులో 90 శాతానికి పైగా నీళ్లే కాబట్టి అది కారాన్ని కడిగేయదు, నోరంతా పరుస్తుంది. పైగా గ్యాస్ నాలుక మీద చురుక్కుమనిపిస్తుంది, హాప్ చేదు ఆ మంటకు తోడవుతుంది. 7 శాతం ఐపీఏ పోసుకుని కోడి వేపుడు తింటే రెండూ చెడతాయి. కూరలో ఉప్పూ కారమే మిగులుతాయి, బీరులో చేదే మిగులుతుంది. కారం ఎంత పెరిగితే చేదు అంత తగ్గాలి, మాల్ట్ తీపి కాస్త పెరగాలి.

మటన్ కూర, గోంగూర మాంసం లాంటి వాటికి లైవ్ ఓక్ హెఫెవైజెన్ తీసుకో. గోధుమ మాల్ట్ ఒళ్లు నిండుగా ఉంటుంది, చేదు నామమాత్రం, ఈస్ట్ నుంచి వచ్చే లవంగం వాసన మన మసాలాకి అతుకుతుంది. షైనర్ బాక్ 4.4 శాతం కూడా పర్వాలేదు, కాస్త కాల్చిన మాల్ట్ తీపి ఉంటుంది. రొయ్యల వేపుడు, చేప వేపుడు అయితే లాన్‌మోవర్. మిరపకాయ బజ్జీ, పకోడీ, వేయించిన పల్లీలు లాంటి నూనె సరుకుకి సుధ గారి పిల్జ్. నూనె జిడ్డుని గ్యాసూ చేదూ కోసేస్తాయి, అక్కడ చేదు మనకు మేలే చేస్తుంది.

డెంటన్_శివ

ఫైర్‌మన్స్ 4 విషయంలో నాది వేరే మాట. అది చల్లగా ఉన్నంతసేపే బాగుంటుంది. సగం గ్లాసుకి వేడెక్కితే తీపి పైకి తేలుతుంది. అదే లాన్‌మోవర్ ఆఖరి గుక్క వరకు నిలబడుతుంది. రోజూ తాగే బీరుకు నా పరీక్ష అదే, చివరి గుక్క తర్వాత ఇంకోటి తీయాలనిపించాలి.

బలం సంగతి కూడా చూసుకోండి. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్, అంటే 12 ఔన్సుల 5 శాతం బీరు. లాన్‌మోవర్ 12 ఔన్సుల డబ్బా దాదాపు ఒకటి. 16 ఔన్సుల డబ్బాలో 7 శాతం ఐపీఏ అయితే దాదాపు 1.9. చేతిలో ఒకే డబ్బా ఉంటుంది, ఒంట్లోకి రెండు వెళ్తాయి. లేక్‌వుడ్ టెంప్‌ట్రెస్ 9.1 శాతం, చాలా మంచి స్టౌట్, కానీ అది పండక్కి తీసేది, మంగళవారం సాయంత్రం తాగేది కాదు.

బేయూ_సుధ

శివ గారూ, ఫైర్‌మన్స్‌ని 12 ఔన్సుల డబ్బాలో చిన్న గ్లాసుల్లోకి పోసుకుంటే వేడెక్కే టైమే ఉండదు. అయినా చుట్టాల కోసం అన్నాను కదా, మీ కోసం కాదు. నా మాట మీద నేనుంటాను.

పెనుకొండ_పవన్

అన్నా, ఒక డౌటు. లోకల్ పిల్స్‌నర్ సిక్స్‌ప్యాక్ ధరకి పెద్ద కంపెనీవి పన్నెండు వస్తాయి. మరి తేడా ఎక్కడుంది, బ్రాండు పేరుకేనా కట్టేది?

మాల్ట్_మాస్టారు

పేరుకి కాదు పవన్, ట్యాంకుకి. ఏల్ రెండు వారాల్లో ట్యాంకు ఖాళీ చేస్తుంది. మంచి లాగర్ నాలుగు నుంచి ఆరు వారాలు చలిలో కూర్చోవాలి. ఇరవై ట్యాంకులున్న బ్రూవరీలో లాగర్ పెట్టిన ప్రతి ట్యాంకూ రెండు మూడు ఐపీఏల చోటు తినేస్తుంది. పైగా ఐపీఏలో చిన్న తప్పు జరిగితే హాప్ వాసన కప్పేస్తుంది, పిల్స్‌నర్‌లో దాక్కోడానికి చోటు లేదు. తొందరపడి ట్యాంకు దించితే వెన్న వాసన బయటపడుతుంది. అందుకే ఒక కొత్త బ్రూవరీ పనితనం తెలియాలంటే వాళ్ల దగ్గర అన్నిటికంటే తేలికైన బీరు అడగండి. అది శుభ్రంగా ఉంటే మిగతావి కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

పెద్ద కంపెనీల లాగర్లలో బియ్యమో మొక్కజొన్నో కలవడం కూడా ధర తగ్గడానికి ఒక కారణం. అది నేరమేమీ కాదు, కాకపోతే ఒళ్లు పలచబడుతుంది.

ఫ్రిస్కో_బావ

చాలా ఉపయోగపడే మాటలు. ఇంకో రెండు ప్రశ్నలు. బ్రూవరీకే వెళ్లి తెచ్చుకుంటే లాభం ఉందా? రెండోది, ఈ వారం తెచ్చిన ఒక డబ్బాలో తడిసిన అట్టముక్క వాసన వచ్చింది. అది ఆ బ్రూవరీ తప్పా, షాపు తప్పా?

కొలరాడో_నది

రెండోది ముందు. తడి అట్ట వాసన ఆక్సిజన్ పని. నింపేటప్పుడు డబ్బాలో గాలి మిగిలినా వస్తుంది, వేడిలో నిలవ ఉన్నా వస్తుంది. తారీఖు చూడు. నింపి నెల కూడా కాకపోతే ప్యాకింగ్‌ని అనుమానించాలి, నాలుగైదు నెలలైతే నిలవని. మిగతావి కూడా గుర్తుపెట్టుకో:

వెన్న, థియేటర్ పాప్‌కార్న్ వాసన డయాసిటైల్ అనే పదార్థానిది. డబ్బాలో వస్తే పులియబెట్టడం పూర్తికాకుండా చల్లబరిచారని అర్థం. అదే బీరు డబ్బాలో బాగుండి బార్లో కుళాయి నుంచి వెన్న వాసన వస్తే తప్పు గొట్టాలది.

వెనిగర్ పులుపు కుళాయి బీరులో వస్తే గొట్టాలు కడగలేదు.

పచ్చి ఆపిల్ వాసన వస్తే కుర్ర బీరు, ఇంకొన్నాళ్లు ట్యాంకులో ఉండాల్సింది.

ఉడికిన మొక్కజొన్న వాసన సన్నగా ఉంటే కొన్ని లాగర్లలో సహజమే, గట్టిగా ఉంటే మరిగించడంలో లోపం.

స్కంక్ కంపు (స్కంక్ అనే జంతువు వదిలే లాంటి దుర్వాసన) వెలుతురు వల్ల. వెలుతురు హాప్ చేదు పదార్థాన్ని విరగ్గొడుతుంది. పచ్చ సీసా, తెల్ల సీసా ఆపలేవు, గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. క్యాన్ కావాలన్న నీ షరతు అందుకే సరైనది.

హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వస్తే మాత్రం కంగారుపడకు, అవి ఉండాల్సినవే.

బేయూ_సుధ

బ్రూవరీ నుంచి తెచ్చుకోవడం గురించి. టెక్సస్‌లో బ్రూవరీలు తమ దగ్గరే తాగించి ఇంటికి మాత్రం అమ్మకూడని రోజులుండేవి. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమ్మొచ్చు. మనిషికి రోజుకి 288 ఔన్సులు, అంటే 12 ఔన్సులవి 24 లేదా 16 ఔన్సులవి 18. అక్కడ కొంటే షాపుకి రాని రకాలు దొరుకుతాయి, నింపి వారం కూడా కానిది దొరుకుతుంది, డబ్బంతా బ్రూవరీకే పోతుంది. మకినీలో టప్స్ ఉంది, మీకు దగ్గర. ఫోర్ట్‌వర్త్ వైపు వెళ్తే రార్ అండ్ సన్స్, 2004 నుంచి ఉన్నవాళ్లు.

క్రౌలర్ అంటే 32 ఔన్సుల డబ్బా, కుళాయి నుంచి నింపి మీ ముందే మూత బిగిస్తారు. నింపే ముందు డబ్బాలో కార్బన్ డయాక్సైడ్ ఊదుతున్నారో లేదో గమనించండి. ఊదకుండా నింపితే రెండో రోజుకే వాసన మారుతుంది. ఊదినా వారం లోపు తాగేయండి, తెరిస్తే ఆ పూటే. 64 ఔన్సుల గ్రౌలర్ సీసా ఒక్కరికి ఎక్కువ, రెండో రోజుకి గ్యాస్ పోతుంది. సీలు తీయకుండా డిక్కీలో పెట్టి తీసుకెళ్లండి, సీలు తీసిన పాత్ర కారులో మనుషులు కూర్చునేచోట ఉండకూడదు.

కుళాయి బీరు తాగేచోట, గొట్టాలు ఎన్నాళ్లకోసారి కడుగుతారని అడగడం తప్పేమీ కాదు. రెండు వారాలకోసారి క్షారంతో, మూడు నెలలకోసారి యాసిడ్‌తో కడగాలి. శ్రద్ధగా చేసేవాళ్లు తడుముకోకుండా చెప్తారు.

కూకట్‌పల్లి_కిరణ్

హైదరాబాద్ నుంచి అడుగుతున్న. ఇక్కడ మాకు లోకల్ అంటే బ్రూపబ్బులే, సొంతంగ బీరు చేసి అక్కడ్నే పోసే బార్లు. బయట వైన్ షాపుల్ల ఎక్కువగ దొరికేది స్ట్రాంగే. రోజువారీకి ఏం చూసుకోవాలె?

మాల్ట్_మాస్టారు

కిరణ్, మన దేశ ఆహార భద్రత ప్రమాణాల్లో 5 శాతం వరకు మామూలు బీరు, 5 దాటి 8 వరకు స్ట్రాంగ్. స్ట్రాంగ్‌ని రోజువారీ జాబితాలోంచి తీసెయ్. 650 మిల్లీలీటర్ల సీసా 8 శాతమంటే ఇందాక శివ చెప్పిన లెక్కలో దాదాపు మూడు డ్రింకులు.

బ్రూపబ్‌లో బీరు సాధారణంగా పాశ్చరైజ్ చేయరు, వడకట్టరు. తాజాగా ఉంటే అదే దాని బలం, పాతబడితే అదే బలహీనత. వెళ్లగానే ఏది ఎప్పుడు ట్యాంకులోంచి దించారో, ఏది ఎక్కువ అమ్ముడవుతుందో అడుగు. మన ఊళ్లల్లో హెఫెవైజెన్, విట్ (బెల్జియం తరహా గోధుమ బీరు) వేగంగా కదులుతాయి, తాజాగా ఉండే అవకాశం వాటికే ఎక్కువ. ఐపీఏ, స్టౌట్ నెమ్మదిగా కదులుతాయి, ముందు చిన్న శాంపిల్ గ్లాసు తీసుకుని చూడు. విట్‌లో నారింజ తొక్క, ధనియాలు పడతాయి, మన చాట్ రకాలకి బాగా కుదురుతుంది.

ఫ్రిస్కో బావకి ఒక మాట. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మొదలైన విండ్‌మిల్స్ వాళ్లు మీ పక్కనే ద కాలనీ ఊళ్లో, గ్రాండ్‌స్కేప్‌లో బ్రూపబ్ పెట్టారు. బీరు పక్కన మన తిండి కూడా పెట్టే చోటు కాబట్టి, గుంటూరు_ఘాటు చెప్పినవి పరీక్షించుకోవచ్చు.

పెనుకొండ_పవన్

వచ్చే నెల ఇంట్లో పాతికమంది ఫంక్షన్ ఉంది. డబ్బాలా, కెగ్గా?

డెంటన్_శివ

సిక్స్‌టెల్ అనే చిన్న కెగ్ (బీరు పీపా) తీసుకో తమ్ముడూ. బ్యారెల్‌లో ఆరో వంతు, 5.16 గ్యాలన్లు, 12 ఔన్సుల గ్లాసులు 55 వస్తాయి. తాగేవాళ్లు పదిహేనుమంది అయితే నురగ, ఒలకబోత పోను తలా మూడు. షాపులో వారం ముందే చెప్పాలి, కెగ్‌కి, పంపుకి డిపాజిట్ కట్టాలి.

చేతి పంపు గాలి కొడుతుంది, కార్బన్ డయాక్సైడ్ కాదు. కాబట్టి కొట్టడం మొదలుపెట్టాక ఆ రోజే అయిపోవాలి, మర్నాటికి చప్పబడుతుంది. తెచ్చాక కదపకుండా నాలుగైదు గంటలు మంచులో ఉంచు. టబ్‌లో మంచు అడుగు నుంచి మెడ దాకా ఉండాలి, పైన చల్లితే సరిపోదు. నురగే వస్తోందంటే పదికి తొమ్మిదిసార్లు కెగ్ చల్లబడలేదనే అర్థం. జనం అప్పుడు ఇంకా పంపు కొడతారు, నురగ ఇంకా పెరుగుతుంది. పంపు ఆపి, కుళాయి పూర్తిగా తెరిచి పోయాలి. సగం తెరిస్తే కూడా నురగే.

ఇంట్లో గ్యాస్ సిలిండర్‌తో కెగ్ ఫ్రిజ్ ఉన్నవాళ్లు 38 ఫారన్‌హీట్ దగ్గర 10 నుంచి 12 పీఎస్‌ఐ ఒత్తిడి పెట్టుకుంటే చాలు. అలా అయితే కెగ్ నెలన్నర ఆగుతుంది.

గుంటూరు_ఘాటు

గ్లాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. పాలు తాగిన గ్లాసు, నూనె చేతులతో తోమిన గ్లాసు నురగని చంపేస్తాయి. పోశాక గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకుని ఉంటే అది శుభ్రంగా లేనట్టే. సబ్బు తక్కువ, వేణ్నీళ్లు ఎక్కువ, బట్టతో తుడవకుండా బోర్లించి ఆరబెట్టాలి. ఫ్రీజర్‌లో పెట్టిన గ్లాసు వద్దు. మంచు కరిగి బీరులో కలుస్తుంది, మరీ చల్లబడితే రుచి తెలియదు. పిల్స్‌నర్‌కి 5 డిగ్రీలు, హెఫెవైజెన్‌కి 7 చాలు. గ్లాసు వంచి సగం పోసి, నిలబెట్టి మిగతాది పోస్తే రెండు వేళ్ల నురగ వస్తుంది. హెఫెవైజెన్ అయితే ఆఖర్న కాస్త ఉంచి, డబ్బా గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్‌తో సహా పోసుకోవాలి.

ఫ్రిస్కో_బావ

పిల్జ్, లాన్‌మోవర్, కూర వండే రోజుకి హెఫెవైజెన్, ఈ మూడూ ఖాయం. ఒకేసారి ఎన్ని తెచ్చుకోమంటారు?

కొలరాడో_నది

రెండు వారాల్లో తాగేవి మాత్రమే. వారానికి మూడు నాలుగు అయితే ఒక సిక్స్‌ప్యాక్, దానికి తోడు విడిగా రెండు డబ్బాలు. టోటల్ వైన్‌లో విడి డబ్బాలు కలిపి సిక్స్‌ప్యాక్ కట్టుకోనిస్తారు, కాకపోతే ఆ షెల్ఫ్ చల్లగా ఉండదు, అక్కడ ప్రతి డబ్బా అడుగూ తిప్పి చూడు. కొత్తవి ఫ్రిజ్‌లో వెనక పెట్టు, పాతవి ముందుకి జరుపు. తలుపు అరలో పెట్టకు, తెరిచినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. హెఫెవైజెన్ డబ్బాలు నిలబెట్టే ఉంచు.